మింగిన మందు ఎక్కడికి పోతుంది?

పిల్లలూ! ఈ వ్యాసం చదవడానికి ముందు ఒకసారి వంటింట్లోకి వెళ్లి రావాలి. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో నీళ్లు, మిగిలిన రెండింటిలో నాలుగేసి చెంచాల మంచినూనె పోయండి. నీళ్ల గ్లాసులోను, ఒక నూనె గ్లాసులోను చిటికెడు చొప్పున పసుపు వేసి బాగా కలపండి. మూడవ గ్లాసులోని నూనె ఉత్తదే, పోల్చి చూడడానికి. రాత్రంతా కదపకుండా ఒక మూల ఉంచండి. (నూనె పారబోయకండి. పసుపే కనుక మర్నాడు పోపుకు పనికివస్తుంది. వృథా చేస్తే మీ అమ్మగారు తిట్టేది మిమ్మల్ని కాదు, నన్ను!)

తెల్లవారి చూస్తే నీళ్ల గ్లాసులో పసుపు అడుగున పేరుకుని ఉంటుంది. పైనున్న నీటికి రంగు పట్టీ పట్టనట్లు ఉంటుంది. నూనె గ్లాసులో కూడా పొడి అడుగుకే చేరుతుంది కాని, పైనున్న నూనె ఉత్త నూనెకంటే ముదురు పసుపుగా మారి ఉంటుంది. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్‌కుమిన్. అది నీటిలో దాదాపు కరగదు, నూనెలో కొంత కరుగుతుంది.

ఇప్పుడొక ప్రశ్న. కర్‌కుమిన్ లాగే నీటిలో కరగని మందు ఒకటి ఉందనుకోండి. దాన్ని బిళ్లగా చేసి రోగి చేత మింగించాం. ఆ మందు రోగి శరీరంలోకి వెళ్లిందా?

"మింగాడు కదా సార్, వెళ్లింది!" అని మా తొమ్మిదో తరగతి పిల్లలు ఏటేటా ఒకే గొంతుతో చెబుతారు. అప్పుడు నేను వాళ్లకు పూసల దండ చూపిస్తాను. దారం పూస మధ్యగుండా పోతుంది. కాని పూస గాజులోకి దారం వెళ్లిందా? లేదు. ఒకవైపు దూరి రెండోవైపు వచ్చింది, అంతే. మన నోటి నుంచి మొదలయ్యే ఆహారనాళం కూడా అలాంటి రంధ్రమే. చిన్నపిల్లవాడు పొరపాటున రూపాయి బిళ్ల మింగితే (వెంటనే డాక్టరుకు చూపించాలి సుమా) చాలాసార్లు అది రెండు మూడు రోజుల్లో దానంతటదే బయటికి వచ్చేస్తుంది. ఆ రూపాయి పిల్లవాడి కడుపులో ఉన్నది నిజమే కాని, రక్తంలో ఒక్క క్షణం కూడా లేదు. చాలా మందులు కూడా ప్రేగుగోడను దాటి రక్తంలో చేరినప్పుడే పనిచేస్తాయి. అలాంటి మందు గోడ దాటకపోతే రూపాయి బిళ్లతో సమానం.

దాటడానికి చోటు తక్కువేమీ కాదు. చిన్నప్రేగు లోపలి గోడ మడతలు పడి, ఆ మడతల మీద వేలివంటి సన్నని చూషకాలతో నిండి ఉంటుంది. దాని వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని మేము చదువుకున్నాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇద్దరు మళ్లీ జాగ్రత్తగా కొలిచి, ఆహారనాళం అంతా కలిసినా సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అంటే బాడ్మింటన్ కోర్టులో సగానికి కొంచెం తక్కువ. నా పాత విద్యార్థులు ఈ వ్యాసం చదివితే సరిదిద్దుకోగలరు.

చోటు ఉంది, సరే. చిక్కు ఎక్కడుందంటే, మందు రెండు గడపలు దాటాలి. ప్రేగు లోపల ఉన్నదంతా నీరు. గోడను అంటిపెట్టుకుని జిగురు పొర ఉంటుంది, అదీ నీటిమయమే. ఆ నీటిలో కరిగితే తప్ప మందు గోడ దగ్గరికి చేరదు. ఇది మొదటి గడప. గోడలోని కణాల పైపొర మాత్రం కొవ్వు జాతికి చెందిన లిపిడ్లతో తయారైనది. ఇది రెండో గడప. నూనెలో కరిగే మందు రెండో గడపను సులువుగా దాటగలదు కాని, మొదటి గడప దగ్గరే ఆగిపోతుంది. ఏటికి ఆవలి ఒడ్డున ఇల్లు, జేబులో తాళంచెవి, కాని ఏరు దాటడానికి పడవ లేదు. అదీ దాని పరిస్థితి.

ఈ పడవ కోసం జరిగిన వెతుకులాటలో ఒక మందు కథ చెబుతాను.

1969లో స్విట్జర్లాండుకు చెందిన సాండోజ్ అనే మందుల కంపెనీ ఉద్యోగి ఒకరు సెలవులకు నార్వే వెళ్లారు. ఎక్కడికి వెళ్లినా పిడికెడు మట్టి తెమ్మని ఆ కంపెనీ తన ఉద్యోగులను కోరేది. మట్టిలోని బూజుల నుంచి పెన్సిలిన్ వంటి కొత్త మందులు దొరుకుతాయేమోనని ఆశ. అలా హర్డాంగెర్‌విడ్డ అనే పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలో ఒక శిలీంధ్రం దొరికింది. దాని నుంచి తీసిన పదార్థమే సైక్లోస్పోరిన్. సూక్ష్మజీవులను చంపడంలో అది అంత గొప్పదేమీ కాదు. కాని 1972లో బాజిల్ నగరంలోని ప్రయోగశాలలో స్టెహెలిన్, బోరెల్ అనే శాస్త్రజ్ఞుల బృందాలు దానిలో మరో గుణం చూశాయి. అది మన శరీర రక్షణ వ్యవస్థలోని లింఫోసైట్లు అనే తెల్లకణాల దూకుడును తగ్గిస్తున్నది.

రక్షణ వ్యవస్థను తగ్గించడమెందుకని మీరు అడగవచ్చు. మూత్రపిండాలు చెడిపోయినవారికి మరొకరి మూత్రపిండాన్ని అమర్చవచ్చు. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ మర్రే ఈ శస్త్రచికిత్సను విజయవంతంగా చేశాడు. అక్కడ ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అచ్చుగుద్దినట్లుండే కవల సోదరులు. కవలలు కానివారి మధ్య అయితే, రక్షణ వ్యవస్థ కొత్త అవయవాన్ని శత్రువుగా ఎంచి నాశనం చేస్తుంది. ఆ దూకుడును ఆపే మందు కావాలి. సైక్లోస్పోరిన్ ఆ మందయింది.

అయింది కాని, నీటిలో కరగదు! పొడిని గొట్టాలలో నింపి మనుషుల చేత మింగిస్తే రక్తంలో దాని జాడే కనిపించలేదు. అప్పుడు బోరెల్ తానే దాన్ని ఆల్కహాలులో కరిగించి, నీరు, సబ్బు స్వభావం గల మరో పదార్థం కలిపి తాగాడు. కాస్త మత్తు ఎక్కిందట. కాని రెండు గంటల తరువాత పరీక్షిస్తే ఆయన రక్తంలో మందు ప్రభావం కనిపించింది. (మీరెవరూ ఇలాంటి సాహసాలు చేయకూడదు. ఈనాటి శాస్త్రజ్ఞులకు కూడా ఇలా అనుమతి దొరకదు.)

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ అనే శస్త్రవైద్యుడి దగ్గర కొస్టాకిస్ అనే గ్రీకు యువకుడు పనిచేసేవాడు. ఎలుకలకు గుండె మార్పిడి చేసి, వాటికి ఈ మందు ఇచ్చి చూడడం అతని పని. అతనికీ అదే బాధ: మందు కరగదు. ఇంగ్లండు తిండి తన కొడుకుకు ఎక్కడ సరిపడదోనని వాళ్ల అమ్మ ఊరి నుంచి ఆలివ్ నూనె పంపిందట. కొస్టాకిస్ మందును ఆ నూనెలో కరిగించి ఎలుకలకిచ్చాడు. మార్చిన గుండెలు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ కాలం కొట్టుకున్నాయి. ఈ సంగతి రాయ్ కాన్ తరువాతి రోజుల్లో చెప్పుకునేవాడు. ఆవకాయ జాడీ కట్టి హాస్టలుకు పంపే మన అమ్మలకూ ఆ అమ్మకూ ఏమంత తేడా ఉంది! 1978లో రాయ్ కాన్ ఈ మందును మనుషులలో వాడాడు. 1983లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అప్పటి నోటిమందు నూనెలో కరిగించినదే. రోగులు దాన్ని పాలలోనో పళ్లరసంలోనో కలుపుకుని తాగేవారు.

నూనెలో కరిగితే రక్తంలోకి ఎందుకు వెళ్లింది? ఇక్కడ మీ జీవశాస్త్ర పాఠం గుర్తుచేసుకోవాలి.

మనం రోజూ నూనె, నెయ్యి తింటున్నాం. అవి నీటిలో కరగవు. అయినా శరీరం వాటిని వదిలిపెట్టదు. అంటే ఆ పడవ మన కడుపులోనే ఉందన్నమాట. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అందులోని లవణాలు మన కుంకుడుకాయ నురుగు చేసే పనే చేస్తాయి. వాటి అణువుకు ఒకవైపు నీరంటే ఇష్టం, రెండోవైపు కొవ్వంటే ఇష్టం. ఒక సీసాలో నీళ్లు, కొంచెం నూనె పోసి గిలక్కొట్టండి, నిమిషంలో విడిపోతాయి. కుంకుడు రసం చేర్చి మళ్లీ గిలక్కొట్టండి. నూనె చిన్న చిన్న బిందువులై చాలాసేపు అలాగే ఉంటుంది. దీన్నే ఎమల్షన్ అంటారు.

బిందువు చిన్నదైతే లాభమేమిటో లెక్క వేసి చూద్దాం. ఒక సెం.మీ. భుజం గల ఘనం ఉపరితలం 6 చదరపు సెం.మీ. దాన్ని ఒక మి.మీ. ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు వస్తాయి, మొత్తం ఉపరితలం 60 చదరపు సెం.మీ. అవుతుంది. భుజం పదో వంతయితే ఉపరితలం పది రెట్లు. ఇలా కోసుకుంటూ 100 నానోమీటర్ల ఘనాల దాకా పోతే? మిల్లీమీటరులో పది లక్షవ వంతును నానోమీటరు అంటారు. భుజం లక్షవ వంతు అయింది కనుక ఉపరితలం లక్ష రెట్లు, అంటే 60 చదరపు మీటర్లు! మన తరగతి గది నేల పరిచినా ఇంకా మిగులుతుంది. చక్కెర ముద్దంత కొవ్వు ఇంత ఉపరితలాన్ని చూపుతుంటే, కొవ్వును అరిగించే క్లోమరసపు ఎంజైములకు పని ఎంత సులువవుతుందో ఊహించండి.

ఎంజైములు కొవ్వును విడగొట్టిన తరువాత, ఆ ముక్కలను పైత్యలవణాలు చుట్టుముట్టి మిసెల్లు అనే అతి చిన్న మూటలుగా కడతాయి. ఇవి కొద్ది నానోమీటర్లే ఉంటాయి. బయట నీటికి ఇష్టమైన ముఖం, లోపల కొవ్వు. ఇవే మొదటి గడప దాటించే పడవలు. నూనెలో కరిగిన మందు కూడా ఆ మూటలో కూర్చుని గోడ దాకా చేరుతుంది.

గోడ దాటాక కొవ్వు ఎటు వెళుతుందన్నది ఇంకా చిత్రమైన విషయం. 1622లో ఇటలీలో గాస్పరె అసెల్లి అనే వైద్యుడు, బాగా మేసి ఉన్న ఒక కుక్క కడుపు కోసి చూశాడు. ప్రేగుల పొర మీద తెల్లని దారాలు అల్లుకుని కనిపించాయి. నరాలనుకుని ఒకదాన్ని కోస్తే పాలవంటి ద్రవం చిమ్మింది. మరొక కుక్కను కోసి చూస్తే ఆ దారాలే లేవు! కారణమేమిటా అని ఆలోచిస్తే, రెండో కుక్కకు ముందు తిండి పెట్టలేదు. మళ్లీ తిన్న కుక్కలో చూస్తే మళ్లీ కనిపించాయి. ఆ తెల్లదనం తిన్న కొవ్వుదే. కొవ్వు ప్రేగు కణాలలో కొత్త మూటలుగా మారి, రక్తనాళాలలోకి కాక శోషరస నాళాలలోకి పోతుంది. ఆ దారి ఛాతీ గుండా పైకి సాగి, మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. చక్కెర, ప్రోటీన్ల ముక్కలు మాత్రం ప్రేగుల నుంచి నేరుగా కాలేయానికి పోతాయి. కాలేయం చాలా మందులను కొత్తవాటిగా గుర్తించి విరిచేస్తుంది. అందుచేత కొవ్వు వెంట శోషరసంలో ప్రయాణం చేసే మందుకు మొదటి విడతలో కాలేయం తనిఖీ తప్పుతుంది. అన్ని మందులకూ ఈ అదృష్టం లేదు. కొవ్వంటే విపరీతమైన ఇష్టం ఉన్న కొన్నింటికే ఉంటుంది.

మళ్లీ సైక్లోస్పోరిన్ దగ్గరికి వద్దాం. ఆలివ్ నూనె మందు పనిచేసింది కాని, దానితో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఆ నూనె చిన్న బిందువులు కావాలంటే రోగి పైత్యరసమే పని చేయాలి. పైత్యరసం అందరిలో ఒకేలా ఉండదు. ఒకే మనిషిలో కూడా తిన్నదాన్నిబట్టి మారుతుంది. అందువల్ల మింగిన మందులో రక్తంలో చేరే భాగం కొందరు కాలేయ మార్పిడి రోగులలో పదో వంతు కూడా ఉండేది కాదు; మూత్రపిండం మార్చిన కొందరిలో 89 శాతం దాకా ఉండేది. ఈ తేడా ప్రాణాంతకం. మందు తక్కువైతే శరీరం కొత్త మూత్రపిండాన్ని తిప్పికొడుతుంది. ఎక్కువైతే ఆ మందే మూత్రపిండాన్ని చెడగొడుతుంది. కాపాడవలసిన అవయవానికే విషమయ్యే మందును ఊహ మీద ఇవ్వగలమా?

కాలేయం మార్చినవారిలో అసలు కారణం స్పష్టంగా బయటపడింది. శస్త్రచికిత్స తరువాత కొన్నాళ్లు వారి పైత్యరసాన్ని ఒక గొట్టం ద్వారా బయటికి తీసేవారు. అన్నాళ్లూ మందు సరిగా ఎక్కేది కాదు. ఆ గొట్టాన్ని మూసి పైత్యరసాన్ని ప్రేగులోకి పోనివ్వగానే, అదే మోతాదుకు రక్తంలో మందు పెరిగేది. పడవ వచ్చింది, ఏరు దాటింది!

పైత్యరసం మీద ఆధారపడకుండా బిందువులను ముందే చిన్నవి చేస్తే? 1995లో అమెరికాలో అనుమతి పొందిన నియోరల్ అనే కొత్త రూపం ఈ ఆలోచన ఫలితమే. దానిలో మందుతో పాటు మొక్కజొన్న నూనె నుంచి వచ్చిన కొవ్వులు, కొద్దిగా ఆల్కహాలు, ఇంకా ఆముదం నుంచి తయారుచేసిన సబ్బువంటి పదార్థం ఒకటి ఉంటాయి. అవును, పాలమూరు మెట్ట చేలలో కూడా పండే ఆముదమే! ఇది కడుపులోని నీటిని తాకగానే ఎవరూ గిలక్కొట్టకుండానే 100 నానోమీటర్లకంటే చిన్న బిందువులుగా విడిపోతుంది. మనిషి తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంటే అలాంటి బిందువులు ఎనిమిది వందలు వరుసగా పేరిస్తేనే ఒక వెంట్రుక మందం అవుతుంది.

ఇంత చిన్నవని కంటితోనే పోల్చుకోవచ్చు. పాలలో వెన్న బిందువులు కాంతి తరంగాలకంటే పెద్దవి. అన్ని రంగులనూ చెదరగొడతాయి కనుక పాలు తెల్లగా ఉంటాయి. కాంతి తరంగాల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. దానికంటే బాగా చిన్న బిందువులు కాంతిని కొద్దిగానే చెదరగొడతాయి, అందులోనూ నీలాన్ని ఎక్కువగా. అందుకని అలాంటి మందు కలిసిన నీరు పాలలా కాక, నీలి ఛాయతో దాదాపు తేటగా ఉంటుంది. ఆకాశం నీలంగా ఉండడానికి చెప్పుకున్న కారణమే ఇక్కడా పనిచేస్తున్నది.

కొత్త రూపం వల్ల రోగికీ రోగికీ, పూటకూ పూటకూ మధ్య తేడా బాగా తగ్గింది. మందు ఎక్కువగా ఎక్కడం మొదలయింది కనుక పాతదాని నుంచి కొత్తదానికి మారేటప్పుడు రక్తపరీక్షలు చేసి మోతాదు సరిచూడవలసి వచ్చింది. మందు అదే, గ్రాములూ అవే. మారింది బిందువు పరిమాణం. అంతమాత్రానికే మోతాదు మార్చవలసి వచ్చిందంటే పరిమాణం ఎంత పని చేస్తుందో చూడండి.

నూనె బిందువులకు బదులు గట్టి కొవ్వు కణాలు చేయాలన్న ఆలోచన 1990ల తొలినాళ్లలో బెర్లిన్‌లో మ్యుల్లర్, ట్యూరిన్‌లో గాస్కో వంటివారి ప్రయోగశాలల్లో సాగింది. గది వేడికి గట్టిగా ఉండే కొవ్వును కరిగించి, మందు కలిపి, సబ్బువంటి పదార్థమున్న వేడినీటిలో పోసి, గొప్ప ఒత్తిడితో సన్నని సందుగుండా పంపుతారు. డెయిరీలో పాలలోని కొవ్వు బిందువులను చిన్నవి చేయడానికి వాడే యంత్రం వంటిదే ఇది. చల్లారాక ఒక్కొక్క బిందువూ గట్టిపడి, మందును లోపల దాచుకున్న కణం అవుతుంది. ఇందులో ఒక తమాషా ఇబ్బంది ఉంది. మంచి నెయ్యి పేరుకునేటప్పుడు పూస కట్టడం చూసే ఉంటారు. కొవ్వు అణువులు ఒద్దికగా వరుస కట్టడమే అది. నానో కణంలో కూడా రోజులు గడిచేకొద్దీ అణువులు వరుస కట్టి, మధ్యలో ఉన్న మందును బయటికి నెట్టేస్తాయి. దీనికి విరుగుడుగా గట్టి కొవ్వులో కొంత నూనె కలిపి వరుసను చెడగొట్టారు. క్రమశిక్షణ చెడితే మేలు జరిగే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

2020 చివరి నుంచి కోవిడ్ టీకాల వల్ల లిపిడ్ నానో కణాల పేరు ఇంటింటా వినిపించింది. ఆ టీకాలు సూదిమందులే. ఆ కణాలను మింగితే జీర్ణరసాలు వాటినీ, లోపలున్న ఆర్.ఎన్.ఎ.నూ విరగ్గొట్టి పారేస్తాయి. మనం చెప్పుకున్న నోటిమందులలో మాత్రం కొవ్వు అరగడం నష్టం కాదు. అరిగిన ముక్కలే మిసెల్లుగా మారి మందును మోస్తాయి.

ఇక పసుపు సంగతి. బజారులో "నానో" అని పెద్ద అక్షరాలతో రాసిన కర్‌కుమిన్ గొట్టాలు అమ్ముతున్నారు. రక్తంలో ఎక్కువగా చేరడం వేరు, రోగం నయం చేయడం వేరు. కర్‌కుమిన్ గోడ దాటినా ప్రేగు, కాలేయం దాన్ని చకచకా మార్చేస్తాయి. అది ఫలానా జబ్బును నయం చేస్తుందని గట్టి పరీక్షలలో రుజువు కాలేదు. గట్టి కొవ్వు కణాలలో పెట్టిన నోటిమందుల పరిశోధన కూడా చాలావరకు ఎలుకల దగ్గరే ఉంది. నీటిని తాకగానే విడిపోయే నూనె రూపాలే ఎక్కువగా మందుల దుకాణానికి చేరాయి.

తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విన్ కొవ్వున్న భోజనంతో బాగా ఎక్కుతుందని 1960ల మొదట్లోనే తేలింది. కొన్ని మందులను పరగడుపునే వేసుకోవాలి. కాబట్టి డాక్టరు "భోజనం తరువాత" అన్నా, "ముందు" అన్నా దాని వెనుక ఇలాంటి కథ ఉండవచ్చు. అడిగి తెలుసుకోండి, సొంతంగా మార్చకండి. మీ ఇంట్లో అయిదేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే, ఆరు నెలలకొకసారి చెంచాతో విటమిన్ ఎ పట్టిస్తారు. ఈసారి దగ్గరుండి ఆ చెంచాలోకి చూడండి. అది నీళ్లలా ఉందా, నూనెలా ఉందా? ఎందుకలా ఉందో ఇప్పుడు మీరే మీ అమ్మకు చెప్పగలరు.